వ్యాపార వ్యూహానికి డిజైన్ ఏజెన్సీని ఎంచుకోవడం: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వ్యాపారాలకు అడుగడుగు మార్గదర్శి

మన జిల్లాల్లో డిజైన్ అనగానే గుర్తొచ్చేది బియ్యం బస్తా మీద బొమ్మ, కొట్టు ముందు బోర్డు, కరపత్రం. ఆ పని బాగా చేసేవాళ్ళు నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఉన్నారు. ఇక్కడ చెప్పబోయేది దానికంటే ముందు జరగాల్సిన పని గురించి: ఏ సరుకు అమ్మాలి, ఎవరికి అమ్మాలి, కొనేవాళ్ళకు మొదటి చూపు నుంచి రెండోసారి కొనేదాకా ఏమేం ఎదురవుతున్నాయి, వాటిలో ఏది మార్చాలి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రొయ్యల వ్యాపారం ముందు నిలిచిన ప్రశ్న ఇలాంటిదే: ఇన్నాళ్ళూ ఓడెక్కించిన సరుకును మనవాళ్ళ వంటింటికి చేర్చగలమా? కొత్త లోగో ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు.

ఇలాంటి పనిలో మీరు కొంటున్నది ఏజెన్సీ వాళ్ళ ఆలోచనను. బొమ్మ నచ్చకపోతే రెండు రోజుల్లో మార్పించుకోవచ్చు. ఆలోచన తప్పితే ఏడాది పోతుంది, యంత్రాల మీద పెట్టిన డబ్బూ పోతుంది. అందుకే వాళ్ళు గీసిన బొమ్మలు చూసి కాకుండా, వాళ్ళ ఆలోచన ఎలా నడుస్తుందో పరీక్షించి ఎంచుకోవాలి.

మొదటి అడుగు: ప్రశ్న ఏ రకందో తేల్చుకోండి

మీ సమస్యను ఒక్క వాక్యంలో రాయండి. అందులో "ఎలా కనిపించాలి" అన్నది ప్రధానమైతే ఊళ్ళోని డిజైనర్ చాలు, పెద్ద ఏజెన్సీకి డబ్బు పోయకండి. "ఏది", "ఎవరికి", "ఎందుకు కొనడం లేదు" అన్నది ప్రధానమైతే అది వ్యూహం పని.

"మా 26 కిలోల బస్తాకు కొత్త డిజైన్ కావాలి" అనేది మొదటి రకం. "బస్తా కొనే కుటుంబాలు తగ్గి ఐదు కిలోల ప్యాకెట్ కొనేవాళ్ళు పెరుగుతుంటే మా మిల్లు ఎటు వెళ్ళాలి" అనేది రెండో రకం. "చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌ను బ్లాకులుగా పంపడం మాని, ఆర్కిటెక్టులకు నేరుగా స్లాబులు అమ్మాలంటే ఏం కావాలి", "మా ఆసుపత్రిలో ఓపీ చీటీ తీసుకున్నవాళ్ళలో కొందరు డాక్టరును చూడకుండానే ఎందుకు వెళ్ళిపోతున్నారు" అన్నవీ రెండో రకమే.

రెండో అడుగు: ఇంట్లో పని ముందు

ఏజెన్సీ ఎంపికలు చెడిపోవడానికి చాలాసార్లు కారణం ఏజెన్సీ కాదు. మన దగ్గర ఎక్కువ కుటుంబ వ్యాపారాలు. చదువుకొచ్చిన కొడుకో కూతురో ఉత్సాహంగా ఏజెన్సీతో మాట్లాడతారు, నాలుగు నెలలు పని నడుస్తుంది, చివరి రోజు పెద్దాయన వచ్చి కూర్చుని "ఇది మనకు సరిపడదు" అంటారు. ఆయన చెప్పేది సబబే కావచ్చు, కానీ ఆ మాట మొదటి నెలలో రావాల్సింది. అందుకే ఆఖరి మాట ఎవరిదో ముందే రాసుకోండి. ఆ మనిషి మూడుసార్లు తప్పనిసరిగా కూర్చోవాలి: ఏజెన్సీని ఖాయం చేసే రోజు, పరిశోధన ఫలితాలు చెప్పే రోజు, దిశ తేల్చే రోజు. ఆయనకు తీరిక లేకపోతే పనిని వాయిదా వేయండి.

తర్వాత లెక్కలు తీయండి. కనీసం ఏడాది అమ్మకాలు, నెలవారీగా, సరుకు వారీగా. డీలర్ల జాబితా, వాళ్ళలో కొనడం మానేసినవాళ్ళ పేర్లు. వెనక్కొచ్చిన సరుకు, దానికి చెప్పిన కారణాలు. ఇవి లేకపోతే మొదటి మూడు వారాలు ఏజెన్సీ మీ పుస్తకాలు సర్దడానికే సరిపోతుంది, దానికీ మీరే రుసుము కట్టాలి.

ఆపైన రెండు పేజీల పని పత్రం తెలుగులోనే రాయండి. సమస్య, అది ఎప్పటి నుంచి ఉంది, ఇప్పటిదాకా ఏం ప్రయత్నించారు, ఏం ఫలించలేదు, ఏది మార్చడానికి సిద్ధం, ఏది మార్చేది లేదు, గడువు, బడ్జెట్. ఇందులో "మార్చేది లేదు" అన్న ముక్కను అందరూ వదిలేస్తారు. తాతగారి పేరు తీయమంటే ఒప్పుకోనివాళ్ళు ఆ సంగతి మొదటి రోజే చెప్పాలి. బడ్జెట్ అంకె కూడా దాచకండి. దాస్తే ఒకరు మూడు లక్షల పనికి, ఇంకొకరు ముప్పై లక్షల పనికి ప్రతిపాదన పంపుతారు, ఆ రెండింటినీ పోల్చే దారి ఉండదు. "ఇంత నుంచి ఇంత లోపు" అని చెబితే చాలు.

ఒక హెచ్చరిక. పరిష్కారాన్ని పని పత్రంలో రాయకండి. "మాకు యాప్ కావాలి" అని రాస్తే యాప్ చేసే ఏజెన్సీలే వస్తాయి. అసలు చిక్కు చలిపెట్టె లేని కొట్లలో ఉందేమో చూసేవాళ్ళు రారు.

మూడో అడుగు: వెతకడం

ఎనిమిది నుంచి పది పేర్లు రాసుకుని, నలుగురితో మాట్లాడి, ఇద్దరిని చివరిదాకా తేవాలి. ఇరవై మందిని పిలిస్తే అందరినీ పైపైనే చూస్తారు. మీ రంగంలో కాకపోయినా మీకు నచ్చిన మార్పు తెచ్చిన సంస్థను పట్టుకుని, ఆ పని ఎవరు చేశారో అడగడం మంచి దారి. అమరావతిలోని ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్ (జాతీయ డిజైన్ విద్యాసంస్థ), ఐఐటీ హైదరాబాద్ డిజైన్ విభాగం లాంటి చోట్ల అధ్యాపకులను అడిగితే వాళ్ళ పాత విద్యార్థులు నడిపే చిన్న ఏజెన్సీల పేర్లు తెలుస్తాయి.

నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు, హైదరాబాద్ కంటే బాగా దగ్గర. ఒంగోలు వాళ్ళకు విజయవాడ దగ్గర. అయితే చెన్నై, బెంగళూరు ఏజెన్సీలను పిలిచేటప్పుడు ఒక్క షరతు గట్టిగా పెట్టండి: క్షేత్రంలో మాట్లాడే మనిషికి తెలుగు వచ్చి ఉండాలి. దుబాసీతో చేసిన సంభాషణలో "రేటు తెగలేదు", "కౌంటు (కిలోకు తూగే రొయ్యల లెక్క) పడలేదు" లాంటి మాటల్లో ఉన్న అసలు విషయం జారిపోతుంది. నివేదికకు మాత్రం "ధర సమస్య" అన్న ముక్క మిగులుతుంది.

నాలుగో అడుగు: మొదటి మాటలు, పాత పనులు

అరగంట ఫోన్‌లో మీ సమస్య పది నిమిషాల్లో చెప్పి ఆగండి. మిగతా ఇరవై నిమిషాలు వాళ్ళు ఏం అడుగుతారో వినండి. "మీ పోటీదారులు ఎవరు", "మీకే రంగులు ఇష్టం" దగ్గర ఆగిపోతే అది మొదటి రకం ఏజెన్సీ. "కొనడం మానేసిన డీలరు ఎవరు, అతనితో మాట్లాడనిస్తారా", "ఈ పని ఇప్పుడే ఎందుకు" అని అడిగితే ముందుకు వెళ్ళండి.

పాత పనులు చూపించేటప్పుడు అందమైన చివరి బొమ్మలు పక్కన పెట్టించి, మధ్యలో జరిగింది చూపించమనండి: మొదట అనుకున్నదేమిటి, పరిశోధనలో ఏం తేలింది, ఏది వదిలేశారు. "ఇది చేయొద్దు" అని క్లయింటుకు చెప్పిన సందర్భం ఒకటి అడగండి. ఒక్కటీ లేనివాళ్ళు మీకూ ఎదురు చెప్పరు. ఆ పని చేసిన మనుషులు ఇప్పటికీ ఆ ఏజెన్సీలోనే ఉన్నారా అన్నదీ అప్పుడే తేల్చుకోండి. పేరు ఏజెన్సీదే అయినా పని చేసేది మనుషులే.

ఐదో అడుగు: చోటు చూపించండి

అన్నిటికంటే ఎక్కువ తెలిసేది ఇక్కడ, ఎక్కువమంది దాటేసేదీ ఇదే. చివరి ఇద్దరినీ విడివిడిగా ఒక రోజు పిలవండి, ప్రయాణం, బస ఖర్చు మీరే పెట్టుకోండి. హోటల్ సమావేశ మందిరంలో కూర్చోబెట్టకండి. రొయ్యల వ్యాపారమైతే తెల్లవారుజామున పట్టుబడి జరిగే చెరువు గట్టు మీదకు, అక్కడి నుంచి ప్లాంటులో గ్రేడింగు బల్ల దగ్గరకు, సాయంత్రం ఊళ్ళో చేపల మార్కెట్‌కు తీసుకెళ్ళండి. బియ్యమైతే మిల్లు, హోల్‌సేల్ కొట్టు, ఆ తర్వాత ఒక ఇంటి వంటగది. గ్రానైట్ అయితే క్వారీ, పాలిషింగ్ యూనిట్, స్లాబుల యార్డు.

గమనించాల్సినవి చిన్న విషయాలే. మేనేజరు చెబుతుంటే మీకేసి చూస్తున్నారా, లేక పీలింగ్ షెడ్డులో పని చేసే ఆవిడను నేరుగా అడుగుతున్నారా? మనవాళ్ళు "బాగుందండీ" అని మర్యాదకు అంటే రాసేసుకుని వెళ్ళిపోతున్నారా, "పోయినసారి ఎప్పుడు కొన్నారు, ఎంత కొన్నారు, మిగిలింది ఏం చేశారు" అని జరిగినదాన్ని తవ్వుతున్నారా? ఇంటికి రొయ్యలు తెచ్చినావిడను "ఫ్రోజెన్ ప్యాకెట్ కొంటారా" అని అడిగితే కొంటామనే అంటుంది. కిలోకు ఎన్ని తూగేవి కొంటుంది, వొలిచేదెవరు, వొలవడానికి ఎంతసేపు పడుతుంది, ఫ్రీజర్‌లో చోటుందా అని అడిగితేనే పనికొచ్చే సంగతి బయటికొస్తుంది.

మీ రంగంలో నిబంధనలు వాళ్ళకు ముందే తెలిసి ఉండక్కర్లేదు, కానీ వెతుక్కునే అలవాటు ఉండాలి. బియ్యం బస్తా 26 కిలోలు ఎందుకో చూడండి. 2022 జులై 18 నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ వచ్చింది, ఆ హద్దు దాటడానికే మిల్లులు ఆ కిలో కలిపాయి. ఇది గమనించి "ఇదేమిటి, 26 ఎందుకు" అని అడిగినవాళ్ళను గుర్తుపెట్టుకోండి. అడగకుండా ఐదు కిలోల ప్యాకెట్ సలహా ఇచ్చేవాళ్ళు పన్నును లెక్కలో వేయకుండానే మీ ధర నిర్ణయిస్తారు.

ఆరో అడుగు: డబ్బిచ్చి చిన్న పని చేయించండి

ఉచితంగా ఆలోచనలు తెచ్చి చూపించమని నలుగురిని అడగడం మన దగ్గర మామూలైపోయింది. దీనివల్ల నష్టం మీకే. ఊరికే చేసే పనికి ఎవరూ పరిశోధన చేయరు. ఊహించి, మెరిసే బొమ్మలు గీసి తెస్తారు. మీరు వాటిలో నచ్చిన బొమ్మను ఎంచుకుంటారు, అలా వ్యూహం పోయి బొమ్మల పోటీ అవుతుంది. బాగా చేసే ఏజెన్సీలు చాలావరకు అలాంటి పోటీకి రావు.

బదులుగా ఇద్దరికీ ఒకే చిన్న ప్రశ్న, ఒకే రుసుము, రెండు నుంచి మూడు వారాలు ఇవ్వండి. మొత్తం బడ్జెట్‌లో ఒక్కొక్కరికి 3 నుంచి 5 శాతం దీనికి కేటాయించుకోవచ్చు. ఉదాహరణకు: "మా సరుకు మానేసిన ఐదుగురు డీలర్లతో, ఆరు కుటుంబాలతో మాట్లాడి, మా సమస్య మేం అనుకున్నదేనా చెప్పండి." బొమ్మలు అడగకండి. ఐదారు పేజీలు, ఒక గంట చర్చ చాలు. ఆ చర్చలో ఒక మాటకు ఎదురు చెప్పి చూడండి. వెంటనే "మీరన్నదే కరెక్టు" అని మారిపోయినా, ఆధారం చూపకుండా మొండికేసినా ఇబ్బందే. "ఆ మాట ఈ ముగ్గురు అన్నారు, మీ దగ్గర వేరే లెక్క ఉంటే చూద్దాం" అన్నవాళ్ళతో పని నడుస్తుంది.

ఏడో అడుగు: ప్రతిపాదనను రోజుల్లోకి విడగొట్టండి

మొత్తం అంకె చూసి తక్కువా ఎక్కువా అనుకోవద్దు. ఎవరు, ఎన్ని రోజులు అన్నది అడిగి పట్టిక వేయించండి. ఉదాహరణకు 16 వారాల పనికి 13,20,000 రూపాయలు అడిగారు, మొత్తం 110 పని రోజులు అన్నారు అనుకుందాం. సగటున రోజుకు 12,000. అందులో మీతో మాట్లాడి మెప్పించిన సీనియర్‌కు 6 రోజులు, మధ్యస్థాయి వ్యక్తికి 20, కొత్తగా చేరినవాళ్ళకు 84 ఉంటే, మీరు ఎంచుకున్న మనిషి మీ పని మీద వారానికి సగం రోజు కూడా ఉండడు. ధర తగ్గించమని బేరమాడేకంటే ఆ 6ను 20 చేయించి, 84ను తగ్గించమనడం మేలు. బేరమాడి 13 లక్షలను 10 చేస్తే ఏజెన్సీ ముందుగా కోసేది క్షేత్ర పరిశోధననే, ఎందుకంటే అది బయటికి కనిపించదు.

బ్రిటన్ డిజైన్ కౌన్సిల్ 2000ల్లో ప్రచారంలోకి తెచ్చిన జంట వజ్రాల పద్ధతిలో నాలుగు దశలుంటాయి: వెతకడం, సమస్యను తేల్చడం, దారులు పెంచడం, ఒకటి ఎంచి అమలుకు సిద్ధం చేయడం. పేర్లు ఏవైనా పెట్టుకోనివ్వండి, మొదటి రెండింటికీ కలిపి మూడో వంతు సమయం కూడా లేని ప్రతిపాదనను అనుమానించండి. ఎంతమందితో మాట్లాడతారు, ఏ ఊళ్ళలో, నమూనాను ఎవరి దగ్గర పరీక్షిస్తారు, పనిలో ఏది లేదు అన్నవి కాగితం మీదకు రావాలి.

జీఎస్టీ 18 శాతం అదనం. పై అంకెకు అది 2,37,600, మొత్తం 15,57,600. జీఎస్టీ కట్టే సరుకు అమ్మేవాళ్ళకు ఇది క్రెడిట్‌గా తిరిగొస్తుంది. వైద్య సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి ఆసుపత్రికి ఆ క్రెడిట్ రాదు, ఆ మొత్తం సొంత ఖర్చే. 26 కిలోల బస్తాలే అమ్మే మిల్లుకూ అంతే. బడ్జెట్ చెప్పేటప్పుడే ఇది కలుపుకోండి. టీడీఎస్ సంగతి మీ ఆడిటరుతో మొదటి బిల్లుకు ముందే మాట్లాడండి.

ఎనిమిదో అడుగు: మార్కులు, ఆరా

ముగ్గురు లేదా ఐదుగురు కూర్చుని, మాట్లాడుకోకముందే ఎవరి మార్కులు వాళ్ళు వేయాలి. పెద్దవాళ్ళు ముందు మాట్లాడితే మిగతావాళ్ళ మార్కులు అటే వంగుతాయి. సమస్యను అర్థం చేసుకున్న తీరుకు 35, పనిచేసే మనుషులకు 25, చిన్న పనిలో చూపిన ఆధారాలకు 20, అమలు దాకా నిలబడే సత్తాకు 10, ధరకు 10. ధరకు 40 వేస్తే మిగతా శ్రమంతా వృథా.

పాత క్లయింట్లకు ఫోన్ చేసినప్పుడు "బాగా చేశారా" అని అడగకండి. "వాళ్ళు చెప్పినదాంట్లో ఇప్పటికీ ఏది నడుస్తోంది, ఏది మూలన పడింది, గొడవ వచ్చినప్పుడు ఎలా మాట్లాడారు" అని అడగండి.

తొమ్మిదో అడుగు: ఒప్పందం

డబ్బిచ్చాం కాబట్టి లోగో, ప్యాకింగ్ బొమ్మలు, నివేదిక అన్నీ మనవే అనుకోవడం పెద్ద పొరపాటు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బయటి ఏజెన్సీ చేసిన ఇలాంటి పనికి మామూలుగా హక్కు చేసినవాళ్ళదే. అది మీకు రావాలంటే సంతకంతో రాతపూర్వకంగా బదిలీ చేయాలి. ఆ రాతలో కాలం చెప్పకపోతే ఐదేళ్ళకే అని, ప్రాంతం చెప్పకపోతే భారతదేశానికే అని 19వ సెక్షన్ లెక్కిస్తుంది. బదిలీ అయిన హక్కును ఏడాదిలోపు వాడకపోతే అది రద్దయినట్టే, వేరేగా రాసుకుంటే తప్ప. ఎగుమతి చేసేవాళ్ళు "ప్రపంచమంతటా, కాపీరైట్ ఉన్నంత కాలం, ఏడాదిలో వాడకపోయినా చెల్లుతుంది" అని రాయించుకోవాలి. రుసుము కట్టిన దశ వరకు హక్కు మీదయ్యేలా రాయడం ఇద్దరికీ న్యాయం.

పేరు మీద మనసు పడకముందే ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్లో వెతికించండి. ఫ్రోజెన్ రొయ్యలకు 29వ తరగతి, బియ్యానికి 30, గ్రానైట్‌కు 19, ఆసుపత్రికి 44. ఆన్‌లైన్ దరఖాస్తుకు తరగతికి వ్యక్తులకు, చిన్న సంస్థలకు 4,500, మిగతావాళ్ళకు 9,000 రూపాయలు. దరఖాస్తు మీ సంస్థ పేరు మీదే పడాలి, ఏజెన్సీ పేరు మీద కాదు. "నెల్లూరు బియ్యం" లాంటి ఊరి పేరు, సరుకు పేరు మాత్రమే ఉన్నదానికి మీకొక్కరికే హక్కు దొరకడం కష్టం.

మూల ఫైళ్ళు, ఫాంట్ల లైసెన్సులు కూడా రాయించుకోండి. తెలుగు అక్షరాల దగ్గర అసలు చిక్కు ప్రెస్‌లో వస్తుంది. ఏజెన్సీ యూనికోడ్‌లో ఇస్తుంది, ఊళ్ళో డీటీపీ వాళ్ళు యూనికోడ్ కాని పాత 'అను' ఫాంట్లలో చేస్తుంటారు, మార్చేటప్పుడు వత్తులు విడిపోతాయి. మండలి, మల్లన్న, రామభద్ర లాంటి ఫాంట్లు ఉచితంగా వాడుకునే లైసెన్సుతో ఉన్నాయి. ఏది వాడినా మీ ప్రెస్‌లో, మీ కవరు మీద పరీక్ష ముద్రణ ఏజెన్సీ బాధ్యతగా రాయండి.

చెల్లింపులు దశలవారీగా: సంతకానికి 20, పరిశోధన ముగిశాక 25, దిశ తేలాక 25, అప్పగింతకు 20, మూడు నెలల తర్వాత వచ్చి అమలును సమీక్షించినందుకు 10 శాతం. ఆ చివరి పదిని విడి పనిగా రాయడానికి కారణముంది. ఏజెన్సీ ఉద్యం (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థ అయితే, అందుకున్న పనికి 45 రోజుల్లోపు డబ్బు కట్టాలని చట్టం. అప్పగించిన పనికి డబ్బు నెలల తరబడి ఆపడం కుదరదు.

ప్రతి దశ చివరా ఎవరైనా విడిపోయే వీలు, ఒప్పుకున్న మనుషులు మారితే మీ అనుమతి, పని జరుగుతుండగానూ తర్వాత ఆరు నెలలూ మీ పోటీదారుకు అదే పని చేయకపోవడం, మాట్లాడినవాళ్ళ ఫొటోలు, రికార్డింగులు వాళ్ళ ఒప్పుదలతోనే తీయడం కూడా ఒప్పందంలోకి రావాలి.

పని మొదలయ్యాక మొదటి నెల

సంతకం పడింది కదా అని వదిలేయకండి, ఇల్లు అలకగానే పండగ కాదు. మీ తరఫున ఒక మనిషికి వారానికి ఒక రోజు దీనికే కేటాయించండి. డీలర్లకు, సిబ్బందికి మీరే ఫోన్ చేసి ఏజెన్సీ వాళ్ళు ఎందుకొస్తున్నారో చెప్పండి, లేకపోతే ఉద్యోగాలు తీసేయడానికి వచ్చారనుకుని నోరు విప్పరు. వారానికోసారి అరగంట ఫోన్, రెండు వారాలకోసారి ఎదురెదురుగా కూర్చోవడం చాలు.

మూడో వారానికి ఇవి చూడండి: చెప్పిన మనుషులే వస్తున్నారా, అనుకున్నన్ని సంభాషణలు జరిగాయా, మీకు తెలియని సంగతి ఒక్కటైనా చెప్పారా. మొదటి రెండింట్లో తేడా ఉంటే ఆ రోజే మెయిల్ రాసి సరిచేయించుకోండి. మూడోది లేకపోతే పరిశోధన దశ ముగిసే రోజున పెద్దాయనను కూర్చోబెట్టి, వాళ్ళు మాట్లాడినవాళ్ళ మాటలను యథాతథంగా చదివించండి. అందులోనూ కొత్తది లేకపోతే ఆ దశ డబ్బు కట్టేసి, విడిపోయే షరతు వాడుకుని, చిన్న పనిలో రెండో స్థానంలో నిలిచిన ఏజెన్సీకి ఫోన్ చేయండి. అప్పటిదాకా రాసినవన్నీ మీ హక్కులోనే ఉంటాయి కాబట్టి వాళ్ళు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు.